పసిపిల్లల నడక చొప్పున
(సంఘములో చిన్నబిడ్డలకును తలిదండ్రులకును ఆటల దినమును గూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: ఆదికాండము 33:12–17, జెకర్యా 8:1–8, మార్కు 10:13–16.



మన సంఘములలో కోతపండుగ జరిగించుట అందరికిని తెలిసినదే. క్రిస్మసు నాటకము, వేసవి సెలవుల బైబిలు పాఠశాల, స్త్రీల కూడిక, ఇవన్నియు వాడుకలో ఉన్నవి. అయితే బడికి ఇంకను పోని బిడ్డలకు, అనగా మూడేండ్లు మొదలుకొని అయిదేండ్ల వరకు గలవారికి, సంఘ సంవత్సరములో ఏ దినము ప్రత్యేకింపబడినదని ఎవరైన అడిగినయెడల జవాబు చెప్పుట కష్టము. ఆరాధనలో వారు ఏడ్చినయెడల తల్లి బయటికి ఎత్తుకొనిపోవును. సండేస్కూలులో పెద్దపిల్లల వెనుక కూర్చుందురు. ఆటల పోటీలు పెట్టినప్పుడు గీత బయట నిలిచి చూతురు. సంవత్సరమునకు ఒక ఉదయము ఆ బిడ్డల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఆటల దినము ఎట్లు జరుపవచ్చునో ఈ పాఠములో ఆలోచింతము.

"సంఘమునకు ఆటలతో ఏమి పని?" అని కొందరు పెద్దలు అడుగుదురు. పౌలు తిమోతికి వ్రాయుచు శరీర సాధకమునకు కొంచెము ప్రయోజనమే గలదనెను గాని ప్రయోజనము లేదని అనలేదు. అయితే నేను ఆ వచనముకంటె జెకర్యా 8వ అధ్యాయమునే వారి ముందర పెట్టగోరుచున్నాను.

ఆ వాక్కు వచ్చిన కాలమును గమనించుడి. ముందరి అధ్యాయము దర్యావేషు రాజు నాలుగవ సంవత్సరమని చెప్పుచున్నది; అది క్రీస్తుకు పూర్వము 518వ సంవత్సరము. చెరనుండి కొందరు తిరిగి వచ్చిరి గాని పట్టణములో పాడుదిబ్బలు ఇంకను ఉన్నవి, ఆలయపు పని ముగియలేదు. అట్టి పట్టణమునకు మంచి దినములు వచ్చెనని తెలిసికొనుటకు గురుతేమి? ప్రవక్త బంగారమును గూర్చి చెప్పలేదు. చేతికఱ్ఱ లేనిది నడువలేని ముసలివారు వీధులలో కూర్చుందురనియు, అవే వీధులలో మగపిల్లలును ఆడపిల్లలును నిండుగా ఆడుకొందురనియు చెప్పెను. పిల్లల ఆట దేవుని వాగ్దానములో వ్రాయబడియున్నది. అది మన పనికి అడ్డమని అనుట ఎట్లు?

ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు మన ఊళ్లు జ్ఞాపకము వచ్చును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గాని, వనపర్తి నాగర్‌కర్నూలు పల్లెలలో గాని పగటివేళ మన వాడలకు పోయి చూచినయెడల అరుగులమీద ముసలివారు, వారి యెదుట పసిపిల్లలు కనబడుదురు. నడివయస్సువారు తక్కువ. పాలమూరు కూలీ అను పేరు ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన చోట్ల దేశమంతట ఎరిగిన పేరు. ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లలో వలస తగ్గినను, పూణే, ముంబయి, హైదరాబాదు పనులకు పోయి బిడ్డలను అవ్వ తాతల యొద్ద విడిచినవారు మన సంఘములలో ఇప్పటికిని ఉన్నారు. కాబట్టి 5వ వచనమునొద్ద ఆగక 7, 8 వచనములు కూడ చదువుడి. అక్కడ దేవుడు తూర్పు దేశమునుండియు పడమటి దేశమునుండియు తన జనులను తోడుకొని వత్తునని చెప్పుచున్నాడు. వీధిలో పిల్లల ఆటయు, దూరము పోయినవారు ఇల్లు చేరుటయు ఒక్క వాగ్దానములోనే ఉన్నవి. మన ఆటల దినమును ఏర్పాటుచేయునప్పుడు ఈ రెంటిని విడదీయరాదు.

దీనిని నేను పుస్తకములో నేర్చుకొనలేదు. కొన్నేండ్ల క్రిందట నడిగడ్డలోని ఒక ఊరిలో ఇట్టి దినమును జరిపితిమి. కార్యక్రమపు కాగితము నేనే వ్రాసితిని. అందులో మొదటి ఆటకు "తల్లి బిడ్డల పరుగు" అని పేరు పెట్టితిని. ఒక అవ్వ నాలుగేండ్ల మనుమరాలిని చంకనెత్తుకొని నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, దీని అమ్మా నాయనా పూణెల ఉన్నరు. నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు గద. ఇది ఎవరితోని ఉరకాలె?" అని అడిగెను. నా యొద్ద జవాబు లేదు. "ఈసారికి చూడనియ్యవ్వా" అంటిని. ఆ బిడ్డ చూచెను. గీత యొద్ద నిలిచి, తక్కిన పిల్లలు తమ తల్లుల చేతులు పట్టుకొని పరుగెత్తుట మొదటినుండి చివరివరకు చూచెను. ఏడ్వలేదు. ఏడ్చియుండినయెడల నాకు కొంత తేలికగా నుండెడిది. శిష్యులు బిడ్డలను ఆటంకపరచిరని మార్కు సువార్తలో ఎన్నిమార్లు బోధించితినో, ఆ ఉదయమున నేనును ఆ శిష్యుల వరుసలోనే నిలిచితిని. నా చేతి కాగితమే ఆ ఆటంకము.

ఇప్పుడు ఆదికాండము 33వ అధ్యాయమునకు రండి. ఏశావు నాలుగువందలమంది మనుష్యులతో వచ్చి, కలిసి ప్రయాణము చేయుదమని తమ్ముని పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినను మంద నిలువదు, నేను వారు నడువగలిగినంత మెల్లగా వచ్చెదనని చెప్పెను. యాకోబు ఆ మాట చెప్పి శేయీరునకు పోక సుక్కోతునకు పోయెను గనుక అతని మనస్సులో అన్న భయము కూడ ఉండెనేమో. ఆ చర్చ మరియొకసారి చేయుదము. పిల్లలను గూర్చి అతడు పలికినది మాత్రము నిజము. ప్రయాణపు వేగమును నాలుగువందలమంది బలవంతులు నిర్ణయింపరాదు, అందరిలో చిన్న కాళ్లు గలవాడు నిర్ణయింపవలెను. హోషేయ 11వ అధ్యాయములో దేవుడు కూడ ఎఫ్రాయిమునకు చేతులు పట్టి నడక నేర్పినవానిగా కనబడుచున్నాడు. నడక నేర్పువాడు వంగి నడువవలెను.

ఆటల దినము పాడగుటకు ముఖ్య కారణము, పెద్దపిల్లల ఆటలనే చిన్నవారిచేత ఆడించుట. మూడేండ్ల బిడ్డ పరుగెత్తును, బంతిని తన్నును, అయితే ఒంటికాలిమీద క్షణమాత్రమే నిలుచును. నాలుగేండ్లకు ఒంటికాలితో కుంటగలదు. గోనెసంచిలో దూకుట, చెంచాలో నిమ్మకాయ, ముక్కాలి పరుగు ఇవి వారికి పనికిరావు. వరుసలో నిలిచి తన వంతు కొరకు కనిపెట్టుట పరుగుకంటె కష్టము గనుక అందరు ఒక్కసారి ఆడు ఆటలే మేలు. తాడు లాగు ఆట అసలే వద్దు. ఈ వయస్సు పిల్లలను చేయి పట్టి గుంజినయెడల మోచేతి ఎముక జారుట కలదు. బిడ్డ ఆ చేతిని కదపక వ్రేలాడవిడిచినయెడల ఇంటి వైద్యము, తోమించుట మానివేసి వెంటనే డాక్టరునొద్దకు తీసికొనిపోవలెను. పరుగులో తండ్రి ముందు, బిడ్డ వెనుక ఈడ్వబడుట నేను చాలాసార్లు చూచితిని. బిడ్డ ముందుండవలెను, పెద్దవారు వెనుక రావలెను.

పిల్లలకు ఆట ఎంత అవసరమో చెప్పుటకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహాలో మూడు నాలుగేండ్ల బిడ్డలు దినమునకు 180 నిమిషములైనను కదలాడవలెననియు, అందులో 60 నిమిషములైనను ఆయాసము వచ్చునట్లు ఆడవలెననియు, ఫోను వంటి తెరల ముందర గంటకు మించి కూర్చుండరాదనియు చెప్పబడినది. తల్లి పొలమునకు పోయినప్పుడు బిడ్డ చేతికి ఫోను ఇచ్చి కూర్చుండబెట్టు అలవాటు మన పల్లెలకును వచ్చినది గనుక ఈ మాట స్త్రీల కూడికలో చెప్పదగినది.

దినమును ఎన్నుకొనునప్పుడు పంచాంగముకంటె పొలమును చూడుడి. గద్వాల ప్రాంతములో విత్తన ప్రత్తి వేయువారికి ఆగస్టు మొదలుకొని అక్టోబరు వరకు తీరిక ఉండదు. సాయంకాలము మొగ్గలు గిల్లుట, మరునాటి ఉదయము పుప్పొడి అంటించుట, ప్రతి పువ్వును చేతితోనే చేయవలెను. ఆ దినములలో ఆటల దినము పెట్టినయెడల తల్లులు రారు. వచ్చినను వారి మనస్సు చేనిలో ఉండును. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపున యాసంగి పల్లికాయ పీకు దినములును అట్టివే. ఏప్రిలు, మే నెలల ఎండను గూర్చి చెప్పనక్కరలేదు. నాకు తోచినది క్రిస్మసు మరునాటినుండి సంక్రాంతి వరకు గల మూడు వారములు. అప్పుడు ఎండ మెత్తగా నుండును, దూరము పోయినవారు పండుగకు ఇండ్లకు వత్తురు. తొమ్మిది గంటలకు ఆరంభించి పదిన్నరకు ముగింపుడి. గంటన్నర దాటినయెడల ఆడువారు అలసి ఏడ్తురు, ఉపన్యాసము చేయువారు మాత్రమే అలయరు. అంగన్‌వాడీ పంతులమ్మకు ముందుగా చెప్పుట మంచిది. ఆ కేంద్రములు 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకము వలన వచ్చినవి. ఈ వయస్సు పిల్లలను దినదినము చూచునది ఆమెయే గనుక ఏ బిడ్డ ఎట్టిదో మనకంటె ఆమెకు బాగుగా తెలియును.

స్థలమును గూర్చి. మెనోనైటు బ్రెదరెను మిషనరీలు 1899లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చిన తరువాత ఈ జిల్లాలలో కాంపౌండులును బోర్డింగు బడులును ఏర్పడెను. గద్వాల క్షేత్రము 1937లో అమెరికను బాప్టిస్టు మిషనువారినుండి వారి చేతికి వచ్చెను. బోర్డింగు పిల్లల ఆటలకు పెద్ద మైదానము కావలసియుండెను. మన పసిపిల్లలకు అంత అక్కరలేదు. మందిరము ముందర ముప్పది అడుగుల చోటు చాలును. ముందటి దినము సాయంకాలము యౌవనస్థులు చీపుళ్లతో ఊడ్చి, పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, గాజుపెంకులు ఏరివేయవలెను. పిల్లలలో సగముమంది వట్టికాళ్లతో వత్తురు. గీతలు సున్నముతో గీయకుడి, కంటిలో పడినయెడల కీడు. ముగ్గుపిండి గాని ఒక తాడు గాని చాలును. దగ్గర బావి గాని నీళ్ల తొట్టి గాని ఉన్నయెడల దానికి మూత వేసి, ఒక పెద్దమనిషిని అక్కడనే కూర్చుండబెట్టుడి. అతనికి ఆ దినమున వేరే పని చెప్పరాదు.

ఆటలలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఉప్పు మూట. ఇది మన ఇండ్లలోని ఆటయే. తండ్రి బిడ్డను వీపుమీద ఎక్కించుకొని ఇరువది అడుగులు నడుచును. అక్కడ దింపును. తిరిగి వచ్చునప్పుడు బిడ్డ తండ్రి వ్రేలు పట్టుకొని అతనిని నడిపించుకొని వచ్చును. వచ్చునప్పుడు బిడ్డ మధ్యలో ఆగి చీమను చూచినయెడల తండ్రియు ఆగవలెను. ఇదే నియమము, దీనికే అందరు నవ్వుదురు. మోకాళ్ల నొప్పులుగల అవ్వలకు మోయు పని లేదు, బిడ్డ కొంగు పట్టుకొని రెండు వైపులను నడిపించును. నడువలేని బిడ్డ సంఘములో ఉన్నయెడల అతనిని రెండు వైపులను మోయుదురు, అతడు తక్కినవారితో సమముగా ఆటలో ఉండును.

రెండవది గంప ఆట. పాత చీరపేలికలతో బంతులు చుట్టుడి, ఖర్చు లేదు. బిడ్డ మూడడుగుల దూరమునుండి బంతి విసరును. తల్లి గంప పట్టుకొని నిలుచును. బంతి ఎటు పోయినను తల్లి గంపతో అటు పరుగెత్తి పట్టవలెను. బిడ్డ సరిగా విసరలేదని అనువారు లేరు, ఎందుకనగా గురి తల్లిది. నేను చూచినంతవరకు తల్లులు చెమటోడ్చుదురు, పిల్లలు కావలెనని దూరముగా విసరుదురు.

స్వరమును బట్టి వచ్చు ఆట యోహాను 10వ అధ్యాయమునుండి తీసికొనినది. పెద్దలందరు ఒక వైపున నిలిచి తమ బిడ్డలను పేరుపెట్టి ఒక్కసారే పిలుతురు. ఎదుటివైపున నున్న బిడ్డలు ఆ సందడిలో తమ వారి స్వరము గుర్తించి పరుగెత్తి రావలెను. పెద్దల కండ్లకు గంతలు గాని ముఖములకు ముసుగులు గాని కట్టకుడి, చిన్నవారు భయపడుదురు. నోవహు ఓడలోనికి పోవు జంతువుల నడకలు కూడ వేయించవచ్చును, కప్ప గంతు, బాతు నడక, ఏనుగు తొండము. అందులో సంఘ పెద్దలు కూడ గంతులు వేయవలెను.

బహుమానములయొద్ద మన పెద్దలకు చిక్కు వచ్చును. మొదటి, రెండవ, మూడవ అని స్టీలు గిన్నెలు కొని తెత్తురు. 1 కొరింథీ 9:24లో ఒక్కడే బహుమానము పొందునని వ్రాయబడలేదా అని అడుగుదురు. కొరింథునకు దగ్గర రెండేండ్లకొకసారి జరుగు పోటీలను ఆ సంఘమువారు ఎరుగుదురు. గెలిచినవానికి ఇచ్చునది ఆకుల కిరీటము, కొన్నాళ్లకు వాడిపోవును. పౌలు ఆ పోలిక చెప్పినది ఆశానిగ్రహము నేర్చుకొనవలసిన పెద్దవారికి. అది నాలుగేండ్ల బిడ్డకు గిన్నె ఇయ్యకుండుటకు ఆజ్ఞ కాదు. అందరికిని ఒకే బహుమానము ఇయ్యుడి. బిడ్డ నోటిలో పట్టనంత పెద్ద రబ్బరు బంతి చాలును. బుడగలు వద్దు, పగిలిన ముక్క గొంతులో అడ్డుపడును.

తినుబండారములలోను ఆ జాగ్రత్తయే. మనది పల్లికాయల సీమ గనుక గుప్పెడు వేయించిన పల్లీలు పంచిపెట్టుట సులభమని తోచును. అయిదేండ్లలోపు బిడ్డ పరుగెత్తుచు నవ్వుచు పల్లీగింజ నోటవేసికొనినయెడల అది శ్వాసనాళములోనికి పోవచ్చును. అవే పల్లీలను మెత్తగా దంచి బెల్లముతో కలిపి చిన్న ఉండలు చేసినయెడల మంచిది. తినునప్పుడు కూర్చుండి తినవలెను. కాచి చల్లార్చిన నీళ్లు కుండలో ఉంచుడి. ఆటకు ఆటకు నడుమ అడుగకముందే ఇయ్యుడి.

తండ్రులారా, మీతో ఒక మాట. ఇట్టి దినములలో మీరు వేపచెట్టు క్రింద కూర్చుండి ఇది ఆడవారి పని అని మాటలాడుకొనుట కలదు. బిడ్డలను యేసునొద్దకు తెచ్చినవారు తల్లులే అని మార్కు వ్రాయలేదు, కొందరు తెచ్చిరని మాత్రమే వ్రాసెను. ఆ కొందరిలో మీరుండకూడదని ఎక్కడ ఉన్నది? యేసు స్వయముగా వారిని ఎత్తి కౌగిలించుకొనెను. బిడ్డను ఎత్తుకొనుట మగవానికి తగదని అనువాడు ఆ వచనమును మరల చదువవలెను.

ఇక నా మొదటి తప్పిదమునకు వత్తును. ఆ తరువాత మేము ఏర్పాటును మార్చితిమి. ఆటల దినమునకు రెండు వారముల ముందు సండేస్కూలు ఉపాధ్యాయురాలును బైబిలు స్త్రీయును ఇల్లిల్లు తిరిగి ఒక నోటుబుక్కులో బిడ్డల పేర్లు వ్రాయుదురు. ప్రతి పేరునకు ఎదురుగా ఆ దినమున ఆ బిడ్డతో ఆడువారి పేరు ఉండవలెను. తలిదండ్రులు ఊరిలో ఉన్నయెడల వారి పేరు. లేనియెడల మేనమామ, చిన్నమ్మ, పెద్దనాయన. వారును లేనప్పుడు సంఘములోనుండి ఒకరు. పేరు లేని గడి ఒక్కటి మిగిలినను దినమును వాయిదా వేయుదుము గాని ఆరంభింపము. బిడ్డలు లేని దంపతులను అడుగుటకు జంకకుడి, అయితే అందరి ముందర అడుగకుడి. ఇంటికి పోయి నెమ్మదిగా అడుగుడి. కొందరు సంతోషింతురు, కొందరికి నొప్పి కలుగును, వద్దన్నవారిని మరల అడుగరాదు. ఒప్పుకొన్నవారు ముందుగానే రెండుసార్లయినను ఆ బిడ్డ ఇంటికి పోయి, అవ్వ యెదుట కూర్చుండి, బిడ్డతో పరిచయము చేసికొనవలెను. కొత్తవారి చేతిని ఏ బిడ్డయు ఒక్క ఉదయములో పట్టుకొనదు. ఆటల పేర్లు కూడ మార్చితిమి. "తల్లి బిడ్డల పరుగు" ఇప్పుడు "చేయి పట్టు పరుగు" అయినది.

స్త్రీల కూడికలో ఈ పాఠము చెప్పువారు రెండు సంగతులు అడుగవచ్చును. మన వాడలో ఈ సంవత్సరము తలిదండ్రులిద్దరును ఊరిలో లేని బిడ్డలు ఎందరు, వారి పేర్లు ఏవి? మన సంఘపు కార్యక్రమములలో ఏది ఏశావు వేగముతో పోవుచున్నది? జవాబులు నోటుబుక్కులో వ్రాసికొనుడి.

చివరి ఆట యెరికో. అంగడినుండి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి గోడవలె పేర్చుడి. బిడ్డలును, వారి చేతులు పట్టుకొన్నవారును చుట్టు తిరుగవలెను. ఏడు చుట్లు చిన్నవారికి ఎక్కువగును, మూడు చాలును. అప్పుడు అందరు కేకవేసి గోడను పడద్రోయుదురు. ఇది రెండవసారి, మూడవసారి కావలెనని అడుగుదురు. పెట్టెలు చినుగువరకు ఆడనియ్యుడి. తరువాత చిన్న ప్రార్థన, ఉండలు, బంతులు. ఉపన్యాసము వద్దు. చేయి పట్టుకొని ఆడినవారే బిడ్డను ఇంటి గడపవరకు నడిపించుకొనిపోయి అవ్వకు అప్పగించవలెను. తల్లి దూరమున నున్నయెడల ఆ సాయంకాలము ఫోను కలిపి ఇచ్చి, ఎవరితో ఆడితివో, ఏమి పడగొట్టితివో బిడ్డ నోటనే చెప్పనియ్యవలెను.